మొదటి మాత్ర ఆయన చేత్తో

మా డాక్టరప్ప పోయారు. మంగళవారం పొద్దున నేను వాకిట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చున్నప్పుడు ఆయన క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మ ఫోన్ చేసింది. ఆమె మామూలుగా నాలుగిళ్లకు వినబడేలా మాట్లాడే మనిషి. ఆ రోజు మాట వినబడక రెండుసార్లు "ఎవరమ్మా, గట్టిగా చెప్పు" అని కసురుకున్నాను. మూడోసారి చెప్పింది. ఫోన్ పక్కన పెట్టి, చేతిలో ఉన్న గింజ తీశాను. ఇంకొకటి తీశాను. మా ఆయన వచ్చి ఫోన్ ఎవరిదని అడిగేదాకా తీస్తూనే ఉన్నాను.

అది జరిగి నెల దాటింది. తమిళనాట మా ఊత్తంగరై చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయనను తలుచుకుంటూ ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని కదా, రాయడం నాకు మంచినీళ్లు తాగినంత సులువని వాళ్ల నమ్మకం. బాగా రాయమ్మా, చదివితే కండ్లలో నీళ్లు రావాల అన్నారు. నీళ్లకేమి, ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరిని కదిలించినా వస్తాయి. నా బాధ వేరు. మేమంతా కలిసి ఆయనను తొందరపెట్టి పంపించేశామా అనే ప్రశ్న నా గొంతులో ముల్లులా దిగబడి ఉంది. అది దాచిపెట్టి తక్కినవన్నీ రాస్తే నేను రాసింది అబద్ధమవుతుంది. అందుకని అంతా రాస్తాను. వేసుకుంటే వేసుకుంటారు, లేదంటే చించేస్తారు.

ఆయన మొదట మా వైపు సర్కారు ఆస్పత్రి డాక్టరు. రిటైరయ్యాక బస్టాండు దగ్గర ఒకే ఒక గదిలో క్లినిక్ పెట్టుకున్నారు. ఇల్లు కృష్ణగిరిలో. భార్యకు అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం ఉండేది కాబట్టి ఇల్లు మార్చలేదు. రోజూ పొద్దున బస్సులో వచ్చి, పొద్దుగూకినాక బస్సులోనే పోయేవారు. రోగులు క్లినిక్ దాకా కూడా ఆగేవాళ్లు కాదు. బస్సులోనే పక్కన చేరి నాలుక చాపేవాళ్లు. గుంత వస్తే నాలిక తెగుతుంది, నోరు మూసుకోని కూర్చోప్పా అనేవారు. అయినా కండ్లు కిందికి లాగి చూసేవారు.

మా వాళ్ల లెక్కలో సూది వేస్తేనే డాక్టరు. మాత్రలు రాసిచ్చి పంపితే సగం వైద్యమే చేసినట్టు. ఈయనకేమో సూది తీయాలంటే ప్రాణం పోయేది. ఒక పెద్దాయన సూది వేస్తేగానీ లేవనని బల్ల మీద పడుకుంటే, నీకు సూది వద్దు నిద్ర కావాల, ఈడనే పడుకో అని దుప్పటి కప్పి, ఆయన పక్కనే మిగతావాళ్లను చూడడం మొదలుపెట్టారు. ఆ పెద్దాయన మధ్యాహ్నం దాకా నిద్రపోయి, లేచి, సిగ్గుపడుతూ చెప్పులు వెతుక్కుని పోయాడు.

ఆడవాళ్లు నొప్పులు దాచుకుంటారని ఆయనకు మహా కోపం. "రోగం చెప్పుకునేదానికి సిగ్గుపడొద్దమ్మా, దాచిపెట్టుకునేదానికి సిగ్గుపడు" అనేవారు. ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ మాట మీదే నాకిప్పుడు ఆయనతో జగడం. మాకు చెప్పిన మాట ఆయన వినలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఊరి ముసలవ్వ ఒకామెకు జ్వరమొస్తే కొడుకులు కృష్ణగిరిలో చూపించి మాత్రలు తెచ్చారు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. ఆ మాత్రల సంచితోనే డాక్టరప్ప దగ్గరికి వచ్చింది. ఆయన చూసి, మందు సరిగ్గానే ఇచ్చినారు, అన్నం తిని మింగినావా అని అడిగారు. మూడు రోజులుగా అవ్వ నోట్లో మెతుకు పడలేదు. ఎదురంగడి నుంచి బన్ను, టీ తెప్పించి దగ్గరుండి తినిపించి, ఆ మాత్రనే అట్ట చించి ఆమె అరచేతిలో పెట్టి, నీళ్లిచ్చారు. మర్నాటికి జ్వరం దిగింది. అవ్వ ఊరంతా తిరిగి చెప్పింది. బన్ను మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు. డాక్టరప్ప చెయ్యి తగిలింది, జ్వరం పారిపోయింది, అంతే.

హస్తవాసి అనేది మనకు కొత్త కాదు కదా. అప్పటినుంచి అదొక ఆచారమైపోయింది. మందు ఎక్కడ రాయించుకున్నా, హోసూరులోనో బెంగళూరులోనో అద్దాల ఆస్పత్రిలో పెద్ద డాక్టరు రాసినా సరే, మొదటి మాత్ర డాక్టరప్ప చేత్తో పెట్టించుకోవాలి. ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు ఇంటికి పోకముందే ఆయన దగ్గర దిగేవాళ్లు. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే శ్రీకాకుళం అమ్మాయి ఒకతె, తనతో పనిచేసే ఆమె ఎవరో చెప్పిందని, రెండు బస్సులు మారి కాల్షియం మాత్రలు పట్టుకుని వచ్చింది. ఆయన నవ్వలేక చచ్చారు.

మొదట్లో తిట్టేవారు. నేనేమి గుళ్లో పూజారినా, తీర్థం ఇచ్చేదానికి అనేవారు. మేము వింటేగా. చెయ్యి చాపుకుని నిలబడేవాళ్లం. పోనుపోను తిట్టడం మానేశారు. సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కొక్క అట్టా కంటికి దగ్గరగా పెట్టుకుని చదివేవారు. ఎట్లాగూ వస్తారు, వచ్చినోళ్ల సంచి ఒకసారి చూస్తే పోలా అనుకున్నారు. మా మూఢనమ్మకంతోనే ఆయన మాకు వైద్యం చేశారు.

మా ఆయన ఈ రోజు బతికి ఉండడానికి అదే కారణం. గుండెకు హోసూరులో చికిత్స చేయించి, ఒక పెద్ద సంచి మందులతో బస్సెక్కించుకుని నేరుగా క్లినిక్‌కు తీసుకొచ్చాను. డాక్టరప్ప అట్టలన్నీ వరసగా పేర్చి చూశారు. రెండు అట్టలు పక్కకు తీసి, ఇవి రెండూ ఒకటే మందు టీచరమ్మా, కంపెనీ పేర్లు వేరే, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ, రెండూ మింగితే మనిషి తట్టుకోలేడు అన్నారు.  ఆయన ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి మాట్లాడి, చీటీలోంచి ఒక మందు కొట్టేయించారు. అప్పుడుగానీ మొదటి మాత్ర మా ఆయన చేతిలో పెట్టలేదు. ఇట్లా ఎన్ని ఇళ్లలో జరిగిందో. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కథ ఉంది. ఆ కథలు తక్కినవాళ్లు రాస్తారు.

పోయిన ఏటికి ముందేడు, మామిడికాయలు అయిపోయే రోజుల్లో, వచ్చే నెలనుంచి క్లినిక్ ఉండదని ఆయన నర్సమ్మ చేత చెప్పించారు. కారణం చెప్పలేదు. వయసైంది, అలసటగా ఉంది అన్నారంతే. ఊళ్లకు ఊళ్లు కంగారు పడ్డాయి. మా ఇంటికి వచ్చిన వాళ్లంతా నువ్వు మాటకారివి, నువ్వే అడగాల అని నన్ను ముందుకు తోశారు. తోయకపోయినా పోయేదాన్నేలెండి. ఎవరో తోస్తే పోయానని ఇప్పుడు చెప్పుకుని తప్పించుకోను.

ఇరవై మందిమి పోయాం. మామిడిపండ్లు, వేరుశనగ కాయలు, రాగిపిండి, ఎవరికి తోచింది వాళ్లు తీసుకున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను మొదలుపెట్టాను. ఫలానా అవ్వను ఎవరు చూస్తారు, ఫలానా బిడ్డ ఫిట్స్ మాటేమి, మా ఆయన సంచి ఎవరు చదువుతారు అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. మీరు అని మొదలుపెట్టి నువ్వు అనడంలోకి దిగిపోయాను. ఆయన అంతా విన్నారు.

"టీచరమ్మా, నువ్వు పిల్లోళ్లకు పాఠం చెప్పినట్ల చెప్తా ఉండావు. నేను కొంచెం పని చూసుకోవల్లమ్మా" అన్నారు.

ఏమి పని అని నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారేమో. నేను చేసిందేమంటే, అందరి ముందూ కుడిచెయ్యి చాపాను. మా వైపు పొలం పంపకాలైనా, పెండ్లి మాటలైనా, చేతిలో చెయ్యి వేశారంటే ఇక తిరుగులేదు. కాగితం మీద రాసింది కొట్టేయొచ్చు, అది కొట్టేయడానికి కుదరదు.

"చేతిలో చెయ్యేసి చెప్పప్పా, మమ్మల్ని ఇడిసిపెట్టి పోనని" అన్నాను.

ఆయన నా చెయ్యి వైపు చాలాసేపు చూశారు. లేచి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చారు. చెయ్యి వేసి, సరేలే, ఉంటాను అన్నారు. వెనక ఆడవాళ్లు కొందరు ఏడ్చారు. ఆ చెయ్యి చల్లగా ఉండడం నాకు తెలిసింది. నీళ్ల వల్ల అనుకున్నాను. ఇంటికి వస్తూ దారిలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాను, ఉండేదానికి ఒప్పించినాను అని. గెలిచి వచ్చినట్టే వచ్చాను.

ఆ తరువాత ఆయన చిక్కిపోతూ వచ్చారు. అది అందరికీ కనబడింది, ఎవరికీ కనబడలేదు. చొక్కా వదులైంది. బెల్టుకు కొత్తగా బొక్క పొడిపించుకున్నారు. ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి అయిపోతా ఉండావే అని మేము ఎగతాళి చేస్తే నవ్వేవారు. కుర్చీలో వీపు వెనక దిండు వచ్చింది. వారానికి ఆరు రోజులు వచ్చే మనిషి నాలుగు రోజులకు, మూడు రోజులకు వచ్చారు. రాని రోజున మేమేం చేశామో తెలుసా? విసుక్కున్నాం. నేను నర్సమ్మకు ఫోన్ చేసి, రానప్పుడు ముందే చెప్పేదానికేమి, ఇంత దూరం ఎండలో రావల్లా అని అరిచాను కూడా.

చనిపోయిన రోజు కృష్ణగిరిలో ఆయన ఇంటికి వ్యాన్లు మాట్లాడుకుని పోయాం. ముప్పై ఏళ్లలో ఆ ఇంటి గడప తొక్కడం నాకు అదే మొదలు. వరండాలో పడుకోబెట్టారు. జనం కట్టలు తెగినట్టు వచ్చారు. ఎవరో దేవుడప్పా, మా దేవుడు అని తలబాదుకుంటున్నారు. దేవుడనడం మనకెంత సులువో. దేవుడికి ఒంట్లో బాగాలేదేమోనని ఎవరూ అనుకోరు.

అప్పుడు నేను చూసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒకామె దండ వేసి, వంగి, కొంగు ముడి విప్పి ఒక మాత్రల అట్ట తీసింది. ఆయన చేతివేళ్లకు తాకించి, కళ్లకు అద్దుకుని, మళ్లీ కొంగులో ముడివేసుకుంది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఒక మగమనిషి, జేబులోంచి. వరస కట్టేశారు. తలదగ్గర కూర్చున్న ఆయన భార్య చూస్తూ ఉంది.  ఆమె తమ్ముడు లేచి, పోండయ్యా, మీకు మానం మర్యాద ఉందా అని అరిచి అందరినీ తోసేశాడు. తోయించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మా ఆయనకు ముందురోజే తెచ్చిన కొత్త అట్ట నా సంచిలో ఉంది. బయటికి తీయలేదు. తీయలేదంటే నేను మంచిదాన్నని కాదు. నా వంతు రాలేదు, అంతే.

మెట్ల కింద నర్సమ్మ నన్ను పక్కకు లాగింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

"టీచరమ్మా, ఆ పొద్దు మీరందురూ వచ్చినారే, దాని పైనెలకే బెంగళూరులో ఆపరేషన్‌కు రోజు పెట్టుకోనుండె. కడుపులో గడ్డ" అంది.

ఎందుకు చెప్పలేదని ఆమె మీద పడ్డాను. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారని చెప్పింది. ఒక నెల వాయిదా వేశారట. తరువాత వానాకాలం జ్వరాలు వచ్చాయని ఇంకోసారి. నాలుగు నెలలకు పోతే, ఇప్పుడు కోసి లాభం లేదని అక్కడి డాక్టర్లు చెప్పారట. మందులు వాడుతూ మా దగ్గర కూర్చున్నారు.

ఆ రోజునుంచి నాకు అన్నం సహించడం లేదు. మా ఆయన, నువ్వేమి తెలిసి చేసినావా అంటాడు. ఊళ్లోవాళ్లూ అదే అంటారు, రాత అట్లుంటే ఎవరేం చేస్తారని. రాత మీద వేయడం కూడా సులువే. చెయ్యి చాపింది రాత కాదు, నేను. ఈ మాట చెప్పుకోవాల్సింది ఒక్క మనిషికే అనిపించి, కర్మాంతరం అయిన వారానికి కృష్ణగిరి పోయాను. ఒక్కదాన్నే పోయాను.

ఆయన భార్య ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. ఊత్తంగరై వైపు టీచరునని నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వే కదా, చెయ్యి చాపిన టీచరమ్మ" అంది.

ఆయన ఆ రోజే ఇంటికి వచ్చి చెప్పారట. అందరి ముందూ చెయ్యి చాపింది, కాదనేదానికి నోరు రాలేదు అన్నారట. ఆమె రెండు రోజులు అన్నం తినకుండా పోట్లాడిందట. నేను అక్కడే నిలబడి విన్నాను. కూర్చోమని ఆమె అనలేదు.

మాకు తెలీదక్కా అన్నాను.

"తెలీదు. నిజమే. అడిగినారా? ఇన్నేండ్లలో మీలో ఒకరన్నా, డాక్టరప్పా నీకెట్లుండాది అని అడిగినారా?"

నేను నిజాయితీగా వెతికాను. క్లినిక్ బెంచీ మీద నేను చూసిన ముఖాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. పండ్లు ఇచ్చినవాళ్లున్నారు, బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లున్నారు, కాళ్లకు మొక్కినవాళ్లున్నారు. అడిగినవాళ్లు ఒక్కరూ గుర్తుకు రాలేదు. సన్నగయ్యావేమప్పా అని నేనే ఒకసారి అన్నాను. నవ్వుతూ అని, జవాబు వినకుండానే మా ఆయన బీపీ సంగతి ఎత్తుకున్నాను.

అడగకూడదనుకుంటూనే, ఏ ప్రశ్న కోసం వచ్చానో అది అడిగేశాను. అప్పుడే పోయుంటే బతికుండునా అక్కా?

ఆమె వీధి వైపు చూసింది. "యేమో. ఆ డాక్టర్లు కూడా యేమో అనే అన్నారు. ఆరు నెలలు ఉండునేమో, ఆరేండ్లు ఉండునేమో. ఎన్నుంటే అన్ని, అవి నావి."

 క్షమించమని అడగాలని బస్సులో అనుకుంటూ వచ్చాను. అక్కడ ఆ మాట రాలేదు. అడిగితే, అది కూడా ఇంకొకటి ఇమ్మని అడగడమే కదా. ఆ ఇంటి నుంచి మేము తీసుకున్నది చాలు.

వెళ్లొస్తానని తిరిగాను. గేటు దాకా వచ్చాక కాళ్లు ముందుకు పడలేదు. వెనక్కి వచ్చి, ఆమె కూర్చున్న మెట్టుకు కింది మెట్టు మీద కూర్చున్నాను. 

"నీకెట్లుండాదక్కా?" అన్నాను.

ఆమె నా వైపు కోపంగానే చూసింది. పొమ్మంటుందనుకున్నాను. అట్లా చూసి చూసి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి మోకాలు చూపించింది. కుడి మోకాలు వాచి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది.

ఎన్నాళ్లుగా అని అడిగాను. రెండేళ్లయిందట. ఆయనకు చెప్పలేదా అంటే తల అడ్డంగా ఊపింది.

"పొద్దంతా నొప్పులు వినొచ్చే మనిషికి, నేనొకటి చెప్పాల్నా అనుకొంటి."

నేను డాక్టరును కాను. ఏం చేయాలో తెలియలేదు. మోకాలి మీద అరచెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు.